మూడో ప్రకటన

ఖమ్రున్నీసా గడప దాటి లోపలికి రాలేదు. పెళ్లికూతురి జాకెట్టు చేతిమీద వేసుకుని వాకిట్లోనే నిలబడింది. ఆ జాకెట్టుకు కుడి చెయ్యి ఉంది. ఎడమ చెయ్యి లేదు.

"సిస్టరమ్మా, మీ ఇంటి గొడవలు నాకొద్దు. రెండో చెయ్యి కుట్టాల్నా, వద్దా? అంత మటుకు చెప్పు. ఆడ సాజియా నిఖా బట్టలు కుప్పగా పడుండాయి."

సలోమి చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"వద్దులే."

"కుట్టుమే," అంది లోపల మంచం మీద నుంచి అత్త దీవెనమ్మ. "ఒంటిచెయ్యి జాకెట్టు ఎవురేసుకుంటారు? రెండూ కుట్టు."

"వద్దని చెప్తాండా గదా అత్తా!"

"నేను కుట్టమంటాండా."

ఖమ్రున్నీసా అత్తాకోడళ్లను మార్చి మార్చి చూసింది. ప్రొద్దుటూరు బజారంతా తిరిగి, నాలుగు అంగళ్లవాళ్ల ఓపిక పరీక్షించి తెచ్చిన పట్టుచీర తాలూకు గుడ్డ అది. కత్తెర పడ్డాక అంగడివాడు వెనక్కి తీసుకునేది లేదు.

"మీరిద్దరూ ఒక మాట మీదికొచ్చినాక చెప్పంపండి. సగం జాకెట్టు మిషను మీద పెట్టుకోని ఎంతమందికి జవాబు చెప్పేది నేను?" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

ఎంతమందికి అంటే, జమ్మలమడుగులో ఆ పేట మొత్తానికీ చెప్పాల్సిందే. వారం రోజులుగా అక్కడ వేరే మాట లేదు.

వాళ్ల గుడిలో పెళ్లి చేయాలంటే వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా వారి కొడుకుకు ఫలానా వారి కూతురినిచ్చి పెళ్లి, అభ్యంతరం ఉన్నవారు చెప్పండి అని పాస్టరు అయ్యగారు అడుగుతారు. ఎవరో ఒకరు దగ్గుతారు. అంతటితో సరి. ఆ ప్రశ్నకు లేచి జవాబు చెప్పినవాళ్లను ముసలివాళ్లు కూడా ఎరగరు. అటువంటిది పోయిన ఆదివారం రెండో ప్రకటనప్పుడు పెళ్లికూతురి తల్లే లేచి, "నాకు అభ్యంతరం ఉండాది" అనేసరికి గుడి గుడంతా నోరు తెరుచుకుని ఉండిపోయింది.

మొదటి ఆదివారం అయ్యగారు చదివింది 'పులివెందుల ప్రభుదాసు కుమారుడు తిమోతి' అని. రెండో ఆదివారం ఆ పేరు ముందు ఇంకో పేరు వచ్చి చేరింది. 'ఓబులేసు అను ప్రభుదాసు.'

ఆ పేరు సలోమి చచ్చినా మరవదు. తాగి నాపరాళ్ల లారీ నడిపి, ముద్దనూరు రోడ్డులో ఆమె భర్త జయరాజు పంతులును గుద్ది, దిగి చూడకుండా పోయినవాడు ఓబులేసు. ఇంకొంచెం ముందు తెచ్చుంటే బతికేవాడని డాక్టరు చెప్పింది ఎవరితోనో కాదు, ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేస్తున్న సలోమితోనే. అప్పటికి కూతురు ప్రిసిల్లాకు మాటలు కూడా సరిగ్గా రావు. ఓబులేసు జైలుకు పోయాడని సలోమి విన్నది. వాడు బాప్తిస్మం తీసుకుంటాడనీ, కొత్త పేరు పెట్టుకుంటాడనీ, ఆ పేరుతో తనకే వియ్యంకుడై వస్తాడనీ ఎట్లా అనుకుంటుంది?

సలోమి చేట కింద పెట్టింది.

"అత్తా, ఆఖరుసారి చెప్తాండా. ఈ పెండ్లి జరగదు."

"పిల్లను అడిగినావా?"

ఇద్దరూ గది వైపు చూశారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. ప్రిసిల్లా వారం నుంచి బడికి పోతోంది, పిల్లలకు పాఠాలు చెప్తోంది, ఇంటికొచ్చి పెట్టింది తింటోంది. ఇంట్లో మాత్రం ఒక్క మాట లేదు. ఏడ్చి గోల చేసినా సలోమికి కాస్త సులువుగా ఉండేది.

"దాన్ని అడిగేదేముంది? ఆ తిమోతి మంచోడే, కాదనను. వాని నాయన సంగతి నేను చెప్తాండేది. గొర్రెతోలు కప్పుకున్న తోడేలు వాడు. బాప్తిస్మం నీళ్లల్లో మునిగి లేస్తే చేతికంటిన నెత్తురు పోతాదా?"

"పోతాదనే గదా మనం ప్రతి ఆదివారం గొంతెత్తి పాడేది," అంది దీవెనమ్మ.

సలోమికి ఒళ్లు మండిపోయింది. "చచ్చింది నీ కొడుకు అత్తా!"

"నా కొడుకే. నీ మెళ్లో తాళి కట్టకముందు నుంచీ నా కొడుకే. చనుబాలిచ్చి పెంచినదాన్ని, నాకు గుర్తుచేస్తాండావా నువ్వు?" ముసలామె మంచం దిగి, గోడ పట్టుకుని వచ్చి కోడలి ఎదురుగా నిలబడింది. "నేనొకటి అడుగుతా చెప్పు. పరలోక ప్రార్థన చేసేటప్పుడు క్షమించే మాట కాడికి వచ్చేసరికి నీ నోరు మూతపడ్తాది. ఆ మాట దాటినాక మళ్లీ తెరుచుకుంటాది. ఇన్నేండ్లు పక్కన కూర్చునేదాన్ని, నాకు వినపడదనుకున్నావా?"

ఆ సంగతి తనకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదని సలోమి నమ్మకం. దేవుడు కూడా చూసీచూడనట్టు ఊరుకుంటున్నాడని ఇంకో నమ్మకం.

సరిగ్గా అప్పుడే వాకిట్లో స్కూటరు ఆగింది. ఇమ్మానుయేలు అయ్యగారు లోపలికి వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, రాకూడని సమయంలో వచ్చానని గ్రహించి, వచ్చాక తప్పదన్నట్టు కుర్చీ లాక్కున్నారు.

"సలోమీ, రేపు మూడో ప్రకటన. నీ అభ్యంతరానికి కారణం నువ్వు సంఘం ముందర చెప్పాల. చెప్పినావంటే పెండ్లి ఆపేస్తా."

"కారణం మీకు తెల్దా అయ్యా? మొగుణ్ణి చంపినోడు పేరు మార్చుకోని, ఆ పేరు చాటున నక్కి, నా బిడ్డను కోడలిగా తీసకపోతాండాడు. మీరే యాడో విచారించి ఆ పేరు బయటపెట్టినారు కాబట్టి సరిపోయింది. లేకుంటే నా బతుకేమయ్యేది?"



"నేనేం విచారించలేదమ్మా," అన్నారు అయ్యగారు. "ఆయనే వచ్చి చదవమన్నాడు."

"ఎవురు?"

"ప్రభుదాసే. మొదటి ప్రకటన అయినాక, ప్రధానం నాడు మీ ఇంటికొచ్చి అన్నం తినకుండా లేచిపోయినాడు, జ్ఞాపకముందా?"

ఉంది. షుగరేమో, కళ్లు తిరిగాయేమో అని నిమ్మకాయ నీళ్లు కలిపి వెనకాలే పంపింది తనే.

"ఈ గోడ మీద జయరాజు ఫోటో చూసినాడంట. మర్నాడే నా దగ్గరికొచ్చినాడు. 'కొత్త పేరు అడ్డం పెట్టుకోని నేను గమ్మునుంటే ఆ యమ్మ కండ్లకు గంతలు కట్టి పిల్లను తెచ్చుకున్నట్టయితాది. నా పాత పేరు గూడా చదవండయ్యా. అభ్యంతరం చెప్పే హక్కు ఆ యమ్మకుండాది' అని ఏడ్చినాడు. కొడుక్కి గూడా ఆ పొద్దే అంతా చెప్పుకున్నాడు."

సలోమి నమ్మలేదు. నమ్మడం ఆమెకు ఇష్టం లేదు. ఇన్నేళ్లు మనసులో నిలబెట్టి రాళ్లు వేసిన మనిషి ఇట్లా తనంతట తానే ముందుకొచ్చి నిలబడితే, చేతిలో రాయిని ఏం చేసుకోవాలి?

"ఆయప్ప ముందే చెప్పుండాల్సింది," అంది పట్టుదలగా. "సంబంధం మాట్లాడేనాడే చెప్పుండాల్సింది."

"చెప్పబోయినాడు," అంది దీవెనమ్మ. "నేనే వద్దన్నా."

సలోమి అత్త వైపు తిరిగింది.

"వాళ్లిల్లు చూసేదానికి పులివెందులకు పోయినప్పుడు నేను గుర్తుపట్టినా. కోర్టుకు పోయింది నేను గదా, నువ్వు కాదు. నన్ను చూసి నా కాళ్ల మీద పడిపోయినాడు. నీకు చెప్పద్దని ఒట్టేయించుకునింది నేనే. చెప్తే నువ్వు ఇదిగో, ఇట్లనే అయితావని భయం. దాచింది ఆయప్ప కాదు సలోమీ. నేను."

అత్త మీద అరిచి ఉంటే బాగుండేదేమో. సలోమి అరవలేదు. గోడకు తగిలించిన సంచీ భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, బస్టాండు దారి పట్టింది.

"యాడికమ్మా?" అని అయ్యగారు లేచారు.

"పులివెందులకు."

జయరాజు పోయినప్పటి నుంచీ సలోమి ముద్దనూరు రోడ్డు ఎక్కలేదు. కడపకు పోవాలన్నా ప్రొద్దుటూరు మీదుగా చుట్టు తిరిగే పోయేది. ఆ రోడ్డులో ఒక చోటు ఉంది. ఆ చోటు కంటబడితే గుండె ఆగిపోతుందని ఆమె భయం.

బస్సు ఊరు దాటగానే ఊపిరి బిగబట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కల్వర్టు పక్కన తుమ్మచెట్టు ఉండాలి. చెట్టు లేదు. కల్వర్టూ కనబడలేదు. రోడ్డు వెడల్పు చేసి పాతవన్నీ పీకేశారు. ఒకచోట టీ హోటలు, ఇంకోచోట పంక్చరు అంగడి వచ్చాయి. ఇదేనా, అదేనా అని వెతుకుతుండగానే బస్సు ముద్దనూరు చేరింది. ఆ చోటు ఏదో ఆమెకు తెలియనే లేదు.

పులివెందుల శివార్లలోని చీనీతోటలో ప్రభుదాసు బత్తాయి చెట్ల పాదులు సరిచేస్తున్నాడు. జైలు నుంచి వచ్చాక స్టీరింగు పట్టలేదని, కూలికి ఆ తోట చూసుకుంటున్నాడని వీధిలోవాళ్లు చెప్పారు. బక్కపలచని మనిషి, తల నెరిసింది. సలోమిని చూడగానే చేతిలో పార వదిలేశాడు. నమస్కారం పెట్టబోయి, అది పెట్టే అర్హత తనకుందో లేదో తెలియక చేతులు కిందికి దించుకున్నాడు.

"ఒకటే అడిగేదానికి వచ్చినా," అంది సలోమి. దారి పొడుగునా కూడగట్టుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది వేరే మాట. "ఆ పొద్దు ఆయన ఏమన్నా అన్నాడా? నా పేరు గానీ, పాప పేరు గానీ. నీళ్లని గానీ. ఏదన్నా సరే, చెప్పు."

ఆ ఒక్క ప్రశ్నను ఆమె ఏళ్ల తరబడి మోసింది. రాత్రి డ్యూటీల్లో ప్రాణం పోతున్న ప్రతి మనిషి మంచం పక్కన కూర్చుని, వాళ్ల చివరి మాట వింటూ, నా మొగుడి మాట ఎవరు విన్నారు అని కుమిలింది. వినివుంటే విన్నది ఈ ఒక్క మనిషే.



"నేను లారీ దిగలేదమ్మా. అద్దంలో చూసినా. కదుల్తాండాడు. భయమేసింది, యాక్సిలేటరు తొక్కి ఆగకుండా పోయినా. ఆయప్ప ఏమన్నాడో నాకు తెల్దు." ప్రభుదాసు కళ్లు తుడుచుకున్నాడు. "నీ పేరు పిల్చినాడని చెప్తే నీకు రొంత ఊరట. గానీ అది అబద్ధం. నీకు చేసిన అన్యాయం చాలు, దానిమీద ఇంగొక అబద్ధం చెప్పలేను."

సలోమి గట్టు మీద కూలబడింది.

అబద్ధం చెప్పి ఉంటే ఆమె నమ్మేది. నమ్మి, ఆ మాటను పట్టుకుని ఇంకో ఇరవై ఏళ్లు ఏడ్చేది. ఈ మనిషి అది కూడా ఇవ్వలేదు. అయినా మొదటిసారి ఆమెకు గుండె తేలికైంది. యేసు సమాధి దగ్గరికి సుగంధ ద్రవ్యాలు పట్టుకుపోయిన ఆడవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లు వెతుక్కుంటూ వెళ్లినవాడు అక్కడ లేడు. సమాధి ఖాళీగా ఉంది. ఖాళీగా ఉండడమే శుభవార్త! చిన్నప్పటి నుంచి ప్రతి ఈస్టరుకూ విన్న మాటే, అది తన కోసం చెప్పిన మాటని ఈ చీనీతోటలో తెలిసింది. లేని చోట వెతుక్కుంటూ, లేని మాట కోసం చెవి ఒగ్గి, బతికున్న కూతురి వైపు వీపు పెట్టి కూర్చుంది తను.

"క్షమించమని అడగనమ్మా, అడిగే నోరు లేదు," అంటున్నాడు ప్రభుదాసు. "పెండ్లికి నేను రాను. నీ కంటికి కనపడను. పిల్లోల్లను మాత్రం విడదీయొద్దు. తిమోతి అప్పట్నుంచి నాతో మాట్లాడ్డంలేదు. వానికి నేను లేకున్నా పర్వాలేదు, ఆ పాప లేకుంటే వాడు బతకడు."

సలోమి లేచి చీరకంటిన మట్టి దులుపుకుంది.

"రేపు మా గుడికి రా. నేను చెప్పేదేందో నీ ఎదురుగానే చెప్తా."

అతని ముఖంలో రక్తం లేదు. అయినా, "వస్తానమ్మా" అన్నాడు.

ఆదివారం గుడి కిక్కిరిసిపోయింది. క్రిస్మసుకు తప్ప దేవుడికి ముఖం చూపించనివాళ్లు కూడా తొలి గంటకే వచ్చి ముందు చాపలు పట్టేశారు. తిమోతి మగవాళ్ల వైపు మొదటి వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. ప్రభుదాసు లోపలికి రాలేదు. బయట, జనం విడిచిన చెప్పుల కుప్ప పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సలోమి ఒక పక్క కూతురిని, ఒక పక్క అత్తను పెట్టుకుని కూర్చుంది. నిన్న ఇంటికి వచ్చాక తోటలో జరిగిందంతా చెప్పింది గానీ, ఈ రోజు ఏం చెప్పబోతోందో ఎవరికీ చెప్పలేదు.

అయ్యగారు ప్రకటన చదివారు. ఓబులేసు అను ప్రభుదాసు కుమారుడు తిమోతికీ, కీర్తిశేషులు జయరాజు కుమార్తె ప్రిసిల్లాకూ వివాహం.

"దీనికి అభ్యంతరమున్నవారు ఇప్పుడే చెప్పండి."

ఈసారి ఎవరూ దగ్గలేదు. సలోమి లేచింది.

"పోయిన వారం నేను చెప్పిన అభ్యంతరం వెనక్కి తీసుకుంటాండానయ్యా."

ఆడవాళ్ల వైపు గుసగుసలు మొదలయ్యాయి. సలోమి గొంతు పెంచింది.

"ఇన్నేండ్లు నేను ముద్దనూరు రోడ్డు మీదనే నిలబడుండా. మా ఆయన ఆడనే ఉన్నట్టు, నన్ను పిలుస్తాన్నట్టు. నిన్న పోయి చూసొచ్చినా. ఆడ ఎవరూ లేరు. మా ఆయన ప్రభువు కాడ ఉండాడు. నేనే ఈడ, దుమ్ములో ఉండిపోయినా. ఇంగ ఉండను."

వాకిలి బయట కనిపిస్తున్న మనిషి వైపు చూసింది.

"ఇంగొక మాట. మీరు చదివినదాంట్లో ఒక పేరు ఎక్కువుంది అయ్యగారూ. అది తీసేసి మళ్లీ చదవండి. ఓబులేసు ఎవురో నాకు తెల్దు. నా వియ్యంకుని పేరు ప్రభుదాసు."

దీవెనమ్మ కోడలి చెయ్యి పట్టుకుని బిగ్గరగా ఏడ్చేసింది. వెనక నుంచి ఎవరో "హల్లెలూయా!" అన్నారు. అది గోడలకు తగిలి పదింతలై తిరిగొచ్చింది. చప్పట్లు కొట్టకూడదని నియమం ఉన్న గుడిలో చప్పట్లు మోగాయి. వద్దని చెప్పాల్సిన అయ్యగారే కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. సలోమికి తన కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో తెలియలేదు. ఇంత సంతోషాన్ని ఇన్నేళ్లు బయట నిలబెట్టి తలుపు వేసుకున్నానా అని ఆమెకు సిగ్గేసింది, నవ్వొచ్చింది.

సద్దు మణిగాక అయ్యగారు మళ్లీ చదివారు. ఈసారి ఒక్కటే పేరు. నియమం ప్రకారం చివరి ప్రశ్నా అడిగారు. ఇక ఎవరున్నారు అభ్యంతరం చెప్పడానికి అన్నట్టు నవ్వుతూనే అడిగారు.

"నాకుండాది."

ప్రిసిల్లా లేచి నిలబడింది. వారం తర్వాత ఈ పెళ్లి గురించి ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. సలోమి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"అందరూ మాట్లాడినారు. నన్నెవరూ అడగలా," అంది ప్రిసిల్లా. గొంతు సన్నగా ఉన్నా ఎక్కడా వణకలేదు. "చచ్చిపోయింది మా నాయన. ఫోటోలో తప్ప నేను మొగం ఎరగను. కోపం నాకూ వచ్చింది. ఈ వారమంతా గదిలో దానితోనే కొట్లాడినా. ఈ పొద్దు తెల్లారేసరికి గెల్చినా."

చాపల మధ్య నుంచి నడుచుకుంటూ వాకిలి దాకా వెళ్లింది.

"నా పెండ్లికి రానని చెప్పినావంట మామా. నాయన లేని పిల్లను. ఉండే ఒక్క మామ చెప్పుల కాడ నిలబడుకుంటే నేను ఈ పెండ్లి చేసుకోను. నా అభ్యంతరం అదే. లోపలికి రా."

ప్రభుదాసు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు, గుడి మొత్తం అందుకుంది. ప్రిసిల్లా అతని చెయ్యి పట్టుకుని గడప దాటించింది. దీవెనమ్మ లేచి నిలబడింది. అందరి తలలూ వాకిలి వైపు తిరిగాయి.

మగవాళ్ల వైపు, మొదటి వరుసలో, తిమోతి ఒక్కడే తల తిప్పలేదు.